పాత అపార్ట్‌మెంట్ పిల్లర్లకు కాంక్రీట్ జాకెట్టా, ఇనప పట్టీలా, కార్బన్ ఫైబరా? ముందు అసలు లోపం ఎక్కడుందో చూడండి

స్టిల్ట్ పార్కింగ్ మీద నాలుగంతస్తులు, 1990ల్లో కట్టినవి. విజయవాడలోనే ఇలాంటి అపార్ట్‌మెంట్లు వీధికి నాలుగు కనిపిస్తాయి. 2024 డిసెంబర్ 4న ఉదయం ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కదిలినప్పుడు అటు హైదరాబాద్‌లోనూ ఇటు విజయవాడలోనూ జనం ఇళ్లలోంచి బయటికి వచ్చేశారు కదా, అప్పటి నుంచి అసోసియేషన్ మీటింగుల్లో పిల్లర్ల సంగతి తరచూ చర్చకు వస్తోంది. ఎవరో ఒకరు కొటేషన్లు తెప్పిస్తారు. ఒకదాంట్లో కాంక్రీట్ జాకెటింగ్, ఇంకోదాంట్లో యాంగిల్స్‌తో (ఎల్ ఆకారపు ఇనప కమ్మీలతో) ఇనప కేజ్, మూడోదాంట్లో కార్బన్ ఫైబర్ చుట్టడం. మూడింట్లోనూ పిల్లర్‌కి ఇంత అని రేటు ఉంటుంది, దాంతో మాటలన్నీ ఏది చవక అన్న దగ్గరే తిరుగుతాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కింద పార్కింగ్ అంతా ఖాళీగా ఉండి పైన గోడలతో నిండిన భవనమైతే, డబ్బు మొదట పెట్టాల్సింది పిల్లర్ చుట్టూ చుట్టే దేనిమీదా కాదు, ఆ పార్కింగ్ అంతస్తులో నాలుగైదు చోట్ల ఆర్‌సీసీ గోడలు గానీ స్టీల్ బ్రేసింగ్ (పిల్లర్ల మధ్య ఏటవాలు స్టీల్ కడ్డీలు) గానీ పెట్టడం మీద. జాకెట్లు ఆ తర్వాత, అవసరమైన పిల్లర్లకు మాత్రమే. కార్బన్ ఫైబర్ మంచి సరుకే, కానీ అది ఒక రకం జబ్బుకే మందు, అన్నిటికీ కాదు. ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో తెలియాలంటే పాత పిల్లర్ భూకంపంలో ఎలా పోతుందో కాస్త వివరంగా చూడాలి.

పిల్లర్ ఎక్కడ విరుగుతుంది

మామూలు రోజుల్లో పిల్లర్ పని బరువు మోయడం. ముప్పై ఏళ్లుగా మోస్తోంది కాబట్టి గట్టిగా ఉందనుకుంటాం. భూకంపంలో బరువు పెరగదు, అంతస్తు మొత్తం పక్కకు ఊగుతుంది. ఆ ఊపుకి పిల్లర్ పైకొసా కిందికొసా వంగుతాయి. అక్కడ ముందు పైపొర కాంక్రీట్ పెచ్చులు ఊడిపోతుంది. ఇది దాదాపు ప్రతి పెద్ద భూకంపంలోనూ జరిగేదే, దాంతోనే భవనం పడిపోదు. ఆ తర్వాత ఏం జరుగుతుందన్నది నిలువు రాడ్ల చుట్టూ కట్టే ఇనప రింగుల మీద ఉంటుంది. రింగులు దగ్గర దగ్గరగా ఉండి, వాటి కొసలు లోపలి కాంక్రీట్‌లోకి వంచి ఉంటే, బండి చక్రానికి ఇనప పట్టాలాగా లోపలి గుండెకాయను బిగించి పట్టుకుంటాయి. పిల్లర్ పగుళ్లతో, వంకరగా, అయినా బరువు మోస్తూనే ఉంటుంది, మనుషులు బయటికి రావడానికి టైం దొరుకుతుంది. రింగులు దూరంగా ఉంటే రెండు రింగుల మధ్య నిలువు రాడ్లు బయటికి ఉబ్బుతాయి, లోపలి కాంక్రీట్ పొడిపొడిగా జారిపోతుంది, ఆ అంతస్తు కూర్చుంటుంది. లేదా అంతదాకా కూడా రాకుండా ఏటవాలుగా ఒకే పగులు వచ్చి పిల్లర్ రెండు ముక్కలవుతుంది. దీన్నే షియర్ ఫెయిల్యూర్ అంటారు. ఇది వచ్చేముందు హెచ్చరిక ఏమీ ఉండదు.

రింగుల విలువ ప్రపంచానికి బాగా తెలిసొచ్చింది 1971 ఫిబ్రవరి 9న కాలిఫోర్నియాలో, శాన్ ఫెర్నాండో భూకంపంలో. అప్పటికి కొత్తగా తెరిచిన ఆలివ్ వ్యూ ఆసుపత్రిలో, ఒకే భవనంలో, రెండు రకాల పిల్లర్లు ఉన్నాయి. రింగులు దూరం దూరంగా వేసిన మూల పిల్లర్లు పిండి పిండి అయిపోయాయి. స్ప్రింగులాగా కమ్మీ ఎడతెగకుండా దగ్గరగా చుట్టిన స్పైరల్ పిల్లర్ల పైపొర అంతా రాలిపోయి, భయంకరంగా పక్కకు ఒరిగి కూడా, పై అంతస్తులను మోస్తూ నిలబడ్డాయి. కాంక్రీట్ అదే, భూకంపం అదే, తేడా చుట్టిన ఇనుములో ఉంది. ఆ తర్వాతే అక్కడ కోడ్ మారింది. లాస్ ఏంజిలిస్ నగరం 2015లో చట్టం తెచ్చి, 1977కి ముందు నాటి ఇలాంటి కాంక్రీట్ భవనాలను పాతికేళ్ల గడువులో బలపరచాలనో కూల్చాలనో చెప్పిందంటే వాళ్లు దీన్ని ఎంత గట్టిగా పట్టించుకున్నారో ఆలోచించండి.

మన దగ్గర రింగుల వివరాల కోసం భారతీయ ప్రమాణాల (ఐఎస్) కోడ్ ఐఎస్ 13920 వచ్చింది 1993లో. వచ్చినా అప్పట్లో మామూలు అపార్ట్‌మెంట్లలో దాన్ని పాటించినవాళ్లు అరుదు. చాలామంది ఐఎస్ 456లో ఉన్న సాధారణ నియమం చూసి కట్టారు. దాని ప్రకారం రింగుల మధ్య దూరం పిల్లర్ సన్నవైపు వెడల్పు దాటకూడదు, నిలువు రాడ్ మందానికి పదహారు రెట్లు దాటకూడదు. అంటే తొమ్మిదంగుళాల పిల్లర్‌లో 16 మి.మీ. రాడ్లు పెట్టి, తొమ్మిదంగుళాలకు ఒక రింగు వేస్తే అది ఆ నియమం ప్రకారం సరైనదే. కాబట్టి మీ బిల్డర్ ఎంత నిజాయితీగా కట్టినా, సిమెంట్ ఎంత మంచిది వాడినా, ఆ పిల్లర్ భూకంపానికి పెళుసుదే. ఐఎస్ 13920 అయితే పిల్లర్ రెండు కొసల్లోనూ కనీసం 450 మి.మీ. మేర రింగుల దూరం 100 మి.మీ. మించకూడదంటుంది, కొస 135 డిగ్రీలు లోపలికి వంచాలంటుంది, నిలువు రాడ్ల ల్యాపింగ్ (ఒక రాడ్‌కి ఇంకోదాన్ని పక్కన పెట్టి కట్టే అతుకు) పిల్లర్ నడిమి భాగంలోనే వేయాలంటుంది. 2016 సంచిక అయితే పిల్లర్ ఏ వైపూ 300 మి.మీ. కంటే తక్కువ ఉండకూడదని కూడా చెప్పింది. తొమ్మిదంగుళాలంటే 230.

పాత పిల్లర్ అడుగున అడుగున్నర ఎత్తు మేర పెచ్చు తీసి చూస్తే ఇవన్నీ ఒకే చోట కనిపిస్తాయి. నేలకు ఆనుకుని రెండు మూడంగుళాల స్టార్టర్ (పిల్లర్ మొదలుపెట్టడానికి ముందుగా పోసే దిమ్మ), అది ఎప్పుడూ చేత్తో కలిపిన కాంక్రీటే, గులకరాళ్లు వేలికి తగులుతుంటాయి. దాని పైనుంచే ల్యాపింగ్ మొదలవుతుంది, ఎందుకంటే స్లాబ్ మీద నిలబడి రాడ్లు కట్టడానికి అదే సులువు. పిల్లర్ ఎక్కువగా వంగే చోటే రాడ్ల అతుకు ఉందన్నమాట. రింగు 6 మి.మీ.దో 8 మి.మీ.దో, కొసలు ఎల్ ఆకారంలో వంచి వదిలేసి ఉంటాయి. పైపొర ఊడగానే ఆ కొసలు విచ్చుకుంటాయి. పైగా స్టిల్ట్‌లో కార్లు కడిగిన నీళ్లు ఏళ్ల తరబడి అక్కడే నిలిచి ఉంటాయి కాబట్టి ఆ కింది రింగులు తుప్పుతో సగం సన్నబడి ఉండడం మామూలే.

కానీ కూలిపోయేది పిల్లరా, అంతస్తా?

కొటేషన్లలో కనిపించని విషయం ఇది. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు అహ్మదాబాద్ నగరం భూకంప కేంద్రం నుంచి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. అయినా అక్కడ పదుల సంఖ్యలో అపార్ట్‌మెంట్లు కూలాయి, ఏడు వందల మందికి పైగా చనిపోయారు. కూలినవాటిలో ఎక్కువ భాగం కింద పార్కింగ్ ఖాళీగా వదిలి పైన కట్టినవే. సబర్మతి ఒండ్రు మట్టి ఊపును ఇంకా పెంచింది. కొన్నిచోట్ల లిఫ్ట్ గోడల బావి ఒక్కటే నిలబడి, దాన్ని వదిలేసి భవనం పక్కకు పడిపోయింది, ఎందుకంటే ఆ గోడలకూ స్లాబులకూ సరైన అనుసంధానమే లేదు.

అహ్మదాబాద్ సంగతి మనకెందుకంటే, భూకంపాల డిజైన్ కోడ్ ఐఎస్ 1893 2016 సంచిక పటంలో (జోన్ అంకె పెరిగేకొద్దీ ప్రమాదం ఎక్కువ) అహ్మదాబాద్ మూడో జోన్. విజయవాడ కూడా మూడో జోనే. అక్కడ సబర్మతి ఒండ్రు, ఇక్కడ కృష్ణ ఒండ్రు. అక్కడి భవనాలూ ఇక్కడి భవనాలూ ఒకే కాలంలో, దాదాపు ఒకే పద్ధతిలో కట్టినవి. భుజ్ లాంటి పెద్ద భూకంపం మన పక్కన వస్తుందని నేను అనడం లేదు, మన ప్రాంతంలో నమోదైన పెద్దవాటిలో ఒకటి 1969లో భద్రాచలం దగ్గర వచ్చింది, తీవ్రత 5.7 ప్రాంతంలో. కానీ మూడో జోన్ కోసం డిజైన్ చేయాల్సిన స్థాయి ఊపు వస్తే ఏ రకం భవనం ముందు పోతుందో చూడ్డానికి అహ్మదాబాద్ కంటే దగ్గరి ఉదాహరణ మనకు లేదు.

స్టిల్ట్ భవనంలో పై అంతస్తులన్నిటికీ గోడలు ఉంటాయి, అవి బిగుసుకుని ఒకే దిమ్మలా కదులుతాయి. కదలికంతా గోడల్లేని కింది అంతస్తు మీదే పడుతుంది. ఆ అంతస్తులో పిల్లర్లు మంచివైనా చెడ్డవైనా, మొత్తం భవనం తాలూకు ఊపును ఆ పది పన్నెండు అడుగుల ఎత్తులోనే భరించాలి. అందుకే ఐఎస్ 1893 2002 సంచిక ఇలాంటి అంతస్తు పిల్లర్లనూ బీములనూ లెక్కలో వచ్చిన దానికి రెండున్నర రెట్ల బలంతో డిజైన్ చేయమంది. అంతకు ముందు కట్టినవాటికి ఆ రెండున్నర రెట్లు ఎక్కణ్ణుంచి వస్తాయి?

అంటే లోపాలు రెండు. పిల్లర్ పెళుసుగా ఉండడం ఒకటి, అంతస్తే మెత్తగా ఉండడం ఇంకొకటి. చుట్టే పనులన్నీ ముఖ్యంగా మొదటి లోపానికి. రెండోదానికి చుట్టడం సరిపోదు, అంతస్తు కదలికనే తగ్గించాలి. మీ భవనంలో ఏది ఎక్కువన్నది తేలకుండా కొటేషన్లను పోల్చడం దండగ.

ఒక మూడో లోపం కూడా ఉంది, దాన్ని సరిచేయడం అన్నిటికంటే చవక. స్టిల్ట్‌లో వాచ్‌మన్ గదికో జనరేటర్‌కో రెండు పిల్లర్ల మధ్య నడుము ఎత్తు గోడ కడతారు, లేదా గోడ పైన వెంటిలేటర్ కోసం అడుగున్నర ఖాళీ వదులుతారు. ఆ పిల్లర్ వంగడానికి మిగిలింది ఆ ఖాళీ మేర ఎత్తే. పిల్లర్ ఎత్తు సగమైతే దాని బిరుసు (వంగకుండా ఎదురొడ్డే గుణం) ఎనిమిది రెట్లవుతుంది, బిరుసుగా ఉన్నది ఎక్కువ బలాన్ని తన మీదికి లాక్కుంటుంది, కాబట్టి మిగతా పిల్లర్లన్నీ నిలబడ్డా ఇది ఏటవాలుగా చీలిపోతుంది. మెట్ల మధ్య ల్యాండింగ్ బీము తగులుకున్న పిల్లర్లకూ ఇదే ప్రమాదం. గోడల విషయంలో చేయాల్సింది గోడకూ పిల్లర్‌కూ మధ్య నిలువుగా సందు కోసి, మెత్తని ఫోమ్, సీలెంట్ నింపి, గోడ పడిపోకుండా విడిగా ఆధారం ఇవ్వడం. ఏ జాకెట్ గురించి ఆలోచించకముందే ఇది చేయించేయవచ్చు.

కాంక్రీట్ జాకెట్

మన దగ్గర మేస్త్రీలకూ ఇంజినీర్లకూ ఎక్కువ అలవాటున్న పద్ధతి. పాత పిల్లర్ చుట్టూ కొత్త రాడ్లు, కొత్త రింగులు కట్టి కాంక్రీట్ పోస్తారు. పాత భవనాలను బలపరచడానికి మనకున్న మార్గదర్శకం ఐఎస్ 15988, 2013లో వచ్చింది. దాని ప్రకారం జాకెట్ మందం కనీసం 100 మి.మీ., కొత్త కాంక్రీట్ బలం పాతదానికంటే కనీసం 5 మెగాపాస్కల్స్ ఎక్కువ ఉండాలి. బరువు మోసే శక్తి, వంపును తట్టుకునే శక్తి, షియర్, అన్నీ పెరిగేది ఈ పద్ధతిలోనే. పాత కాంక్రీట్ అంత మంచిది కానప్పుడు కూడా పనికొస్తుంది. నిప్పుకు భయం తక్కువ.

కానీ మూడు సంగతులు చూసుకోవాలి. తొమ్మిది బై పద్దెనిమిది అంగుళాల పిల్లర్ జాకెట్ తర్వాత పదిహేడు బై ఇరవై ఆరు అవుతుంది. రెండు పిల్లర్ల మధ్య ఎనిమిది అంగుళాలు పోతాయి, ఆ మధ్యలో రెండు కార్లు పెట్టేవాళ్లకు అది పెద్ద గొడవ. రెండోది బిరుసు. పైన చెప్పిన కొలతలకే లెక్క వేస్తే సన్నవైపు వంపుకి పిల్లర్ బిరుసు తొమ్మిది రెట్లకు పైగా పెరుగుతుంది. అంటే డబ్బు చాలక ఒక వరసలో నాలుగు పిల్లర్లకు మాత్రమే జాకెట్ వేయిస్తే, ఊపు మొత్తం ఆ నాలుగింటి మీదికి చేరి, భవనం ఒకవైపు బిగిసి మెలితిరుగుతుంది. రోడ్డువైపు పగుళ్లు కనిపించాయి కాబట్టి రోడ్డువైపు పిల్లర్లకే చేయిద్దాం అనే మాట దయచేసి ఒప్పుకోకండి. ఏ పిల్లర్లకు అన్నది మొత్తం భవనం లెక్క చూసి తేలాలి, రెండు దిక్కుల్లోనూ సరితూగేలా.

మూడోది కొసలు. కొత్త రాడ్లు ఫుటింగ్‌లోకి (పిల్లర్ కింది పునాదిలోకి) డ్రిల్ చేసి కెమికల్ యాంకరింగ్‌తో (రంధ్రంలో జిగురు మందు నింపి) దిగాలి, పైన స్లాబ్‌కి రంధ్రాలు చేసి పై అంతస్తులోకి వెళ్లాలి. అలా చేయకుండా స్లాబ్ అడుగున ఆపేస్తే పిల్లర్ మధ్యభాగం గట్టిపడుతుంది, విరిగే చోటు మాత్రం వంపు విషయంలో పాత బలంతోనే మిగిలిపోతుంది. కేవలం షియర్, బిగింపు కోసమే జాకెట్ అని ఇంజినీర్ తెలిసి నిర్ణయిస్తే అప్పుడు కావాలనే కొసల్లో చిన్న సందు వదులుతారు, అది వేరే సంగతి. తెలియక ఆపేయడం వేరు. రాడ్లు పైకి వెళ్తాయంటే మొదటి అంతస్తు వాళ్ల ఇంట్లో టైల్స్ పగలాలి, వాళ్లను ముందే ఒప్పించుకోవాలి. పని సగంలో ఆగేది ఎక్కువగా ఇక్కడే.

ఇనప కేజ్

నాలుగు మూలలా యాంగిల్స్, వాటిని కలుపుతూ అడ్డంగా పట్టీలు వెల్డింగ్, లోపలి సందులో ఆరాక ముడుచుకోని గ్రౌట్ (సందులోకి పోసే పల్చటి సిమెంట్ మిశ్రమం). కాలిఫోర్నియాలో వంతెనల పిల్లర్లకు పూర్తి స్టీల్ రేకు చుట్టి గ్రౌట్ నింపే పద్ధతిని విస్తారంగా వాడారు, అలా బలపరచిన వంతెనలు 1994 నార్త్‌రిడ్జ్ భూకంపాన్ని బాగా తట్టుకున్నాయి. అక్కడ గుండ్రటి, కోడిగుడ్డు ఆకారపు రేకులు కాబట్టి చుట్టూ సమంగా బిగింపు ఉంటుంది. మన చదరపు పిల్లర్‌కి యాంగిల్స్ కేజ్ అంత బిగింపు ఇవ్వదు కానీ షియర్‌కీ, బరువు మోయడానికీ బాగా పనిచేస్తుంది. మందం రెండు మూడు సెంటీమీటర్లే పెరుగుతుంది, పని త్వరగా అయిపోతుంది, ప్రమాదంలో ఉన్న పిల్లర్‌కి వెంటనే ఊతం కావాలంటే నా ఓటు దీనికే.

దీని శత్రువు నీళ్లు. అడుగున కార్లు కడిగే నీళ్లు, సంపు చెమ్మ తగిలే చోట పెయింట్ వేసి వదిలేస్తే కొన్నేళ్లకే పట్టీలు పొరలు పొరలుగా లేస్తాయి. గ్రౌట్ సరిగా నిండకపోతే కేజ్ ఉన్నా లేనట్టే, ఎందుకంటే పిల్లర్ ఉబ్బితే గానీ ఇనుము పని మొదలుపెట్టదు, ఆ లోపే జరగాల్సిన నష్టం జరిగిపోతుంది. వెల్డింగ్ జరిగే రోజుల్లో స్టిల్ట్‌లో బళ్లన్నీ తీసేయించాలి, పెట్రోలు ట్యాంకుల పక్కన నిప్పురవ్వలు ఆడనివ్వకూడదు.

కార్బన్ ఫైబర్, గ్లాస్ ఫైబర్

గుడ్డలాంటి ఫైబర్ షీటును ఎపాక్సీతో పిల్లర్ చుట్టూ అడ్డంగా అంటిస్తారు. జరిగేదేమిటంటే పాత పిల్లర్‌లో లేని రింగులను బయటినుంచి పెట్టడం. షియర్ పెరుగుతుంది, పెళుసుతనం తగ్గుతుంది, ల్యాపింగ్ జారడం కొంతవరకు ఆగుతుంది. మందం కొన్ని మిల్లీమీటర్లే, బరువు లేనట్టే, చప్పుడు లేదు, దుమ్ము తక్కువ. బిరుసు పెద్దగా పెరగదు కాబట్టి ఒక పిల్లర్‌కి చేసినా మిగతావాటి లెక్క తారుమారు కాదు. ఇది నిజంగా గొప్ప సుగుణం.

అదే దీని పరిమితి కూడా. బిరుసు పెరగదంటే అంతస్తు కదలిక తగ్గదు. అడ్డంగా చుట్టిన ఫైబర్ వంపు బలాన్ని చెప్పుకోదగ్గంత పెంచదు. మెత్తటి స్టిల్ట్ అంతస్తుకి ఇదొక్కటే చేయించి నిశ్చింతగా ఉండవచ్చని ఎవరైనా అంటే, చేయకముందు ఎంత కదులుతుంది, చేశాక ఎంత కదులుతుంది అని లెక్క అడగండి.

పిల్లర్ ఆకారం కూడా ముఖ్యం. గుండ్రటిదానికి ఫైబర్ అద్భుతం. చదరానికి మూలలు 20 నుంచి 25 మి.మీ. మేర గుండ్రంగా అరగదీయాలి, లేకపోతే మూల దగ్గరే ఫైబర్ తెగుతుంది. మన తొమ్మిది బై ఇరవై నాలుగు పలకలాంటి పిల్లర్లకు పొడవాటి వైపు మధ్యలో బిగింపు అసలు చేరదు. అమెరికా కాంక్రీట్ సంస్థ ఏసీఐ మార్గదర్శకం కూడా పొడవు వెడల్పుల నిష్పత్తి రెండు దాటిన పిల్లర్లలో బిగింపు వల్ల బరువు మోసే శక్తి పెరుగుతుందని లెక్కలోకి తీసుకోవద్దంటుంది, ఇక్కడ ఆ నిష్పత్తి 2.67. షియర్‌కి పనికొస్తుంది, అంతే. పిల్లర్‌కి ఒకవైపు గోడ ఆనుకుని ఉంటే చుట్టూ తిప్పడం కుదరదు, మూడు వైపులా అంటించి వదిలేస్తే అది చుట్టినట్టు కాదు.

ఎపాక్సీ చాలా రకాల్లో 60 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడడం మొదలవుతుంది. స్టిల్ట్‌లో ఇప్పుడు ఎలక్ట్రిక్ స్కూటర్లు ఛార్జింగ్ పెడుతున్నారు, ఒక బండి అంటుకుంటే పక్క పిల్లర్ ఫైబర్ పోయినట్టే లెక్క. నిప్పును తట్టుకునే పూత లేకుండా వేసే కొటేషన్ అసంపూర్ణం. ఇక తుప్పు పట్టిన పిల్లర్ మీద నేరుగా ఫైబర్ చుట్టడం అన్నిటికంటే పెద్ద తప్పు. విశాఖ బీచ్ వైపు, మచిలీపట్నం వైపు ఉప్పుగాలి తిన్న పిల్లర్లలో లోపల తుప్పు ఆగదు, పైకి నున్నగా పెయింట్ వేసి ఉంటుంది, ఎవరికీ కనబడదు.

పార్కింగ్‌లో గోడలు, బ్రేసింగ్

ఎవరూ సంతోషంగా ఒప్పుకోని పద్ధతి, ఎందుకంటే మొదటి ప్రశ్న కారు ఎక్కడ పెట్టాలి అన్నదే. కానీ మెత్తటి అంతస్తుకి సూటిగా సమాధానం ఇదే. కొన్ని పిల్లర్ల మధ్య ఆర్‌సీసీ గోడ పోసి, దాని రాడ్లను రెండు పక్కల పిల్లర్లకూ పైన కింద బీములకూ యాంకర్ చేస్తే ఊపులో పెద్ద భాగం గోడలు తీసుకుంటాయి. పిల్లర్లు వంగాల్సిన అవసరమే తగ్గుతుంది, కాబట్టి వాటి పెళుసుతనం అంతగా బయటపడదు. ప్రతి పిల్లర్‌నూ బాగుచేయడం కంటే ప్రతి పిల్లర్ మీదా పడే పరీక్షను తేలిక చేయడం నయమన్నది నా వాదన. 1985 భూకంపం తర్వాత మెక్సికో సిటీలో చాలా భవనాలకు స్టీల్ బ్రేసింగ్ పెట్టారు, జపాన్‌లో పాత స్కూళ్లకు కిటికీల బయట కనిపించే పెద్ద స్టీల్ బ్రేసింగ్ చట్రాలు కూడా ఈ ఆలోచనే.

కార్ల సంగతి నిజానికి అనుకున్నంత కష్టం కాదు. గోడ రెండు పార్కింగ్ స్లాట్ల మధ్య, కారు పొడవు దిక్కున వస్తే ఏ కారూ పోదు. వెనక కాంపౌండ్ గోడ వైపు పిల్లర్ల మధ్య అడ్డంగా వస్తే కూడా పోదు. రెండు దిక్కుల్లోనూ ఉండాలి, వీలైనంత వరకు భవనం అంచుల్లో, ఎదురెదురుగా, లేకపోతే మెలితిరుగుడు వస్తుంది. లిఫ్ట్ ఒక మూలన ఉంటే దానికి ఎదురు మూల తప్పనిసరిగా చూడాలి.

దీని అసలు ఖర్చు నేల కింద ఉంటుంది. గోడ తీసుకున్న ఊపు ఫుటింగ్‌కి చేరుతుంది, ఒక కొస కిందికి నొక్కుతుంది, ఇంకో కొస పైకి లేవబోతుంది. అందుకని రెండు ఫుటింగులను కలుపుతూ కొత్త బీము వేయడమో, ఫుటింగ్ పెద్దది చేయడమో తప్పదు. గోడ పైభాగానికీ పాత బీముకీ మధ్య సందు మిగలకుండా గ్రౌట్ నింపాలి. కొటేషన్‌లో పునాది పని గురించి ఒక్క లైన్ కూడా లేకపోతే ఆ కొటేషన్ పక్కన పెట్టేయండి. స్టీల్ బ్రేసింగ్ అయితే గాలి వెలుతురు పోవు, తేలిక, కానీ పాత బలహీన కాంక్రీట్‌లో బోల్టులు పట్టు ఇస్తాయా అన్నది పరీక్షించుకోవాలి.

ఇటుక గోడ కట్టేస్తే చాలదా అని తప్పకుండా అడుగుతారు. ఇటుక గోడకి బిరుసు ఉంటుంది, కానీ లోపల ఇనుము లేదు కాబట్టి అది ఒక్కసారిగా పగిలి ఊడుతుంది, మళ్లీ మొదటికే వస్తాం. నాలుగున్నర అంగుళాల గోడను నమ్ముకోవద్దు.

ఎవరికి ఏది

మూడో జోన్‌లో, ఒండ్రు నేల మీద, 2002కి ముందు కట్టిన స్టిల్ట్ భవనమైతే గోడలు లేదా బ్రేసింగ్ మొదట, ఆ గోడల పక్క పిల్లర్లకు కాంక్రీట్ జాకెట్, మిగతావాటిలో షియర్ చాలనివి లెక్కలో తేలితే వాటికి ఇనప కేజో ఫైబరో. కిందంతా గోడలతో ఇళ్లే ఉన్న మూడంతస్తుల భవనమైతే గోడలు పెట్టాల్సిన పని ఉండకపోవచ్చు, బలహీనమైన పిల్లర్లను పట్టుకుంటే చాలు. కింద షాపుల కోసం గోడలు కొట్టేసి షట్టర్లు పెట్టిన భవనాన్ని మాత్రం స్టిల్ట్ కిందే లెక్కవేయండి. 2023లో టర్కీలో కూలిన పాత భవనాల్లో కింది అంతస్తు షాపులుగా మారినవి ఎన్నో ఉన్నాయి.

అదే 2016 పటంలో హైదరాబాద్ రెండో జోన్, చాలాచోట్ల రాతి నేల. అక్కడి స్టిల్ట్ భవనానికి ప్రమాదం లేదనను, కానీ భయంతో లక్షలు పోసి ఫైబర్ చుట్టించే ముందు లీకేజీలు ఆపడం, తుప్పు పిల్లర్లు బాగుచేయడం, నడుము ఎత్తు గోడలకు సందు కోయడం, అనుమతి లేకుండా పైన లేపిన పెంట్‌హౌస్ బరువు దించడం చేయమంటాను. ఆ తర్వాత లెక్క చూపిస్తే అప్పుడు జాకెట్.

కోర్ టెస్టుల్లో (పిల్లర్లోంచి తొలిచి తీసిన కాంక్రీట్ ముక్కల పరీక్షల్లో) కాంక్రీట్ బలం మరీ తక్కువ వచ్చి, తుప్పు స్లాబుల్లోకీ బీముల్లోకీ పాకిపోయి ఉంటే, పైన చెప్పిన ఏ పద్ధతీ వద్దు. ఆ డబ్బు కొత్తగా కట్టుకోవడానికి దాచుకోండి, అందాకా ప్రమాదకరంగా ఉన్న పిల్లర్లకు ప్రాప్స్ (తాత్కాలిక ఊతాలు) పెట్టించి, ఇంజినీర్ ఉండకూడదంటే ఖాళీ చేయండి. ఇది చెప్పడం ఎవరికీ ఇష్టం ఉండదు, రిటైరైన వాళ్లు జీవితాంతం కూడబెట్టి కొనుక్కున్న ఫ్లాట్లవి. అయినా చెప్పకపోవడం వాళ్లకు అన్యాయం.

సంతకం పెట్టేముందు

పరీక్షలు చేసేవాళ్లూ పని చేసేవాళ్లూ ఒకరే కాకుండా చూసుకోండి. ఫైబర్ అమ్మే కంపెనీ ఉచితంగా పరీక్ష చేసి పెడతానంటే, రిపోర్టు చివర ఫైబరే ఉంటుంది. విడిగా ఫీజు ఇచ్చి స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పెట్టుకోండి. కేవలం రీబౌండ్ హ్యామర్ కొట్టి ఇచ్చే రిపోర్టు చాలదు, అది పైపొర గట్టిదనమే చెబుతుంది, పాత కాంక్రీట్‌లో కార్బొనేషన్ (గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో పైపొర గట్టిపడడం) వల్ల ఉన్నదానికంటే ఎక్కువ కూడా చూపిస్తుంది. కోర్లు తీయించాలి, రాడ్ల స్కానర్‌తో రింగుల దూరం చూడాలి, కనీసం కొన్ని పిల్లర్లకు అడుగున పెచ్చు తీసి కళ్లారా చూడాలి. పాత డ్రాయింగ్ దొరికితే మంచిదే, కానీ డ్రాయింగ్‌లో ఉన్నదే సైటులో ఉందని అనుకోవద్దు.

ఇంజినీర్ ఇచ్చే రిపోర్టులో ప్రతి అంతస్తు పక్క కదలిక, పని చేయకముందు ఎంత, చేశాక ఎంత అని రెండు అంకెలు పక్కపక్కన అడగండి. ఏ పిల్లర్ ఎలా పోతుందని లెక్కలో వచ్చింది, వంపులోనా షియర్‌లోనా, అదీ అడగండి. పోల్చాల్సింది ఆ అంకెలను, తర్వాతే రేట్లను.

పని మొదలయ్యాక జాకెట్ అయితే సెంట్రింగ్ బిగించే ముందు రోజు అసోసియేషన్ తరఫున ఒకరు కిందికి దిగి ప్రతి పిల్లర్ ఫోటోలు తీయాలి. పాత కాంక్రీట్ ముఖం చెక్కి గరుకుగా ఉందా, రింగు కొసలు లోపలికి వంగాయా, స్లాబ్ అడుగున రాడ్లు ఆగిపోయాయా పైకి వెళ్లాయా, ఈ మూడూ ఫోటోలో కనబడాలి. ఒకేసారి పక్కపక్క పిల్లర్లన్నీ చెక్కనివ్వకండి, ప్రాప్స్ లేకుండా అసలే వద్దు. బిల్లు చెల్లింపు కూడా పిల్లర్ పూర్తయ్యాక అని కాకుండా, రాడ్లు కట్టి ఇంజినీర్ చూసి సంతకం పెట్టాక కొంత, కాంక్రీట్ క్యూబ్ టెస్ట్ వచ్చాక మిగతాది అని అగ్రిమెంట్‌లోనే రాయించుకోండి.